లూయీ పాశ్చర్

లూయీ పాశ్చర్ (డిసెంబరు 27, 1822 - సెప్టెంబరు 28, 1895) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త. సూక్ష్మజీవశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడు. పదార్థాలు పులియడానికి సూక్ష్మజీవులే కారణమని నిరూపించాడు. పానీయాలు చెడిపోకుండా తగుమాత్రం వేడిచేసే పద్ధతి ఆయన పేరుతోనే పాశ్చరైజేషన్‌గా ప్రసిద్ధి చెందింది. పశువులకు వచ్చే దొమ్మరోగానికి, పిచ్చికుక్క కాటువల్ల వచ్చే రేబిస్ వ్యాధికి టీకాలు రూపొందించాడు. 1868లో, 45 ఏళ్ళ వయసులో, ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి, ఎడమ కాలు మళ్ళీ ఎన్నడూ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఆయనకు అత్యధిక కీర్తి తెచ్చిన టీకాల పరిశోధనలన్నీ ఆ తరువాతి కాలానికి చెందినవే.

బాల్యం, విద్యాభ్యాసం

పాశ్చర్ ఫ్రాన్సు తూర్పు భాగంలోని జూరా ప్రాంతంలో, డోల్ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి జాన్ జోసెఫ్ తోళ్ళు శుద్ధిచేసే వృత్తిలో ఉండేవాడు. అంతకు పూర్వం నెపోలియన్ సైన్యంలో పనిచేశాడు. పాశ్చర్ బాల్యం అధికభాగం ఆర్బువా అనే చిన్న పట్టణంలో గడిచింది. బడిలో ఆయన సామాన్య విద్యార్థి. అయితే చిత్రలేఖనంలో మంచి నేర్పు ఉండేది. 15వ ఏట చదువు కోసం పారిస్ వెళ్ళినా, ఇంటిమీద బెంగతో కొద్ది వారాలకే తిరిగివచ్చాడు. 1842లో పారిస్‌లోని ఎకోల్ నార్మల్ సుపీరియర్ ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడైనప్పటికీ, తన స్థానం తృప్తికరంగా లేదని చేరక, మరొక ఏడాది చదివి 1843లో ప్రవేశించాడు. 1847లో డాక్టరేటు పొందాడు.

1849లో స్ట్రాస్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తుండగా మరీ లోరాన్‌ను వివాహమాడాడు. జీవితాంతం ఆయన చెప్పినది వ్రాసిపెట్టి, పరిశోధనలలో తోడుగా నిలిచిన వ్యక్తి ఆమె. వారికి ఐదుగురు సంతానం. వారిలో ముగ్గురు కుమార్తెలు చిన్నతనంలోనే మరణించారు. 9 ఏళ్ళ జాన్ 1859లోను, 2 ఏళ్ళ కమీల్ 1865లోను, 12 ఏళ్ళ సెసీల్ 1866లోను చనిపోయారు. పెద్ద పిల్లలిద్దరి మరణానికి టైఫాయిడ్ కారణం.

తొలి పరిశోధనలు

పాశ్చర్ మొదటి ముఖ్యమైన పరిశోధన 1848 నాటిది. టార్టారిక్ ఆమ్లపు లవణాల స్ఫటికాలు కుడి, ఎడమ చేతుల వలె పరస్పరం ప్రతిబింబాలుగా ఉండే రెండు రూపాలలో ఉంటాయని గమనించి, సూక్ష్మదర్శిని సాయంతో చేతితోనే వాటిని వేరుచేశాడు. 1854లో లీల్ నగరంలో విజ్ఞానశాస్త్ర విభాగానికి డీన్‌గా వెళ్ళి, పులియడం గురించి అధ్యయనం ప్రారంభించాడు. 1857లో పారిస్ తిరిగివచ్చాడు. హంసమెడ ఆకారం గల గాజుకూజాలతో చేసిన ప్రయోగాల ద్వారా, మరిగించిన రసంలో జీవులు వాటంతట అవే పుట్టవని 1860ల ఆరంభంలో నిరూపించాడు.

పట్టుపురుగుల వ్యాధి

19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సు దక్షిణప్రాంతపు పట్టు పరిశ్రమ ఒక అంటురోగంతో కుప్పకూలింది. 1853లో సుమారు 2.6 కోట్ల కిలోలున్న పట్టుగూళ్ళ ఉత్పత్తి 1865 నాటికి 40 లక్షల కిలోలకు పడిపోయింది. పురుగుల ఒంటిపై మిరియాల పొడి చల్లినట్లు నల్లని చుక్కలు వచ్చేవి. అందువల్ల ఈ వ్యాధికి మిరియాన్ని సూచించే స్థానిక పదం నుండి పెబ్రీన్ అనే పేరు వచ్చింది. తన గురువు, రసాయన శాస్త్రవేత్త జాన్ బాప్తిస్త్ డ్యూమా కోరికపై పాశ్చర్ 1865లో ఈ పనికి పూనుకున్నాడు. అంతవరకు ఆయన పట్టుపురుగును చేతితో తాకినవాడు కాదు. ప్రతి ఏటా పురుగుల పెంపకం కాలంలో దక్షిణాన ఆలె పట్టణానికి వెళ్ళి పరిశోధించేవాడు. ఈ కాలంలోనే తండ్రిని, ఇద్దరు కుమార్తెలను కోల్పోయాడు.

ఆయన కనుగొన్న నివారణ పద్ధతి సులభమైనది. ఒక్కొక్క తల్లి చిలుక చేత విడివిడిగా గుడ్లు పెట్టించాలి. తరువాత ఆ చిలుకను కొద్దిపాటి నీటితో నూరి, ఒక చుక్కను సూక్ష్మదర్శినిలో చూడాలి. రోగకణాలు కనబడితే ఆ గుడ్లను కాల్చివేయాలి, లేకపోతే పెంపకానికి ఉపయోగించాలి. పెబ్రీన్‌తో పాటు ఫ్లాచెరీ అనే రెండవ వ్యాధి కూడా ఉన్నదని ఆయన గుర్తించాడు. గుడ్ల వ్యాపారులు, కొందరు పెంపకందారులు ఈ పద్ధతిని నమ్మలేదు. వివాదం తేలకముందే ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది.

పక్షవాతం

1868 అక్టోబరు 19వ తేదీ ఉదయం పాశ్చర్‌కు ఎడమవైపు శరీరంలో తిమ్మిరి మొదలైంది. మధ్యాహ్నం వణుకు వచ్చింది. అయినా ఆనాటి సైన్సు అకాడమీ సమావేశంలో ఒక పత్రం చదవవలసి ఉండటంతో, ఇంట్లో ఉండక వెళ్ళాడు. పత్రం చదివి మిత్రులతో కలిసి ఇల్లు చేరాడు. రాత్రి భోజనం చేసి పడుకున్న కొద్దిసేపటికి మళ్ళీ అవే లక్షణాలు కనిపించాయి. కొంతసేపు మాట రాలేదు. తరువాత ఎడమ చేయి, ఎడమ కాలు పూర్తిగా పడిపోయాయి.

వైద్యుడు ఆంద్రాల్ ఆనాటి పద్ధతి ప్రకారం చెవుల వెనుక 16 జలగలు పట్టించమని చెప్పాడు. మెదడులోని రక్తనాళం మూసుకుపోయిందో, చిట్లిందో తెలుసుకునే సాధనమేదీ అప్పట్లో లేదు. శరీరపు ఎడమభాగం కదలికలను మెదడు కుడిభాగం నియంత్రిస్తుంది. చాలామందిలో భాషకు సంబంధించిన కేంద్రాలు ఎడమభాగంలో ఉంటాయి. పాశ్చర్ మాట, ఆలోచన త్వరలోనే చక్కబడ్డాయి. కుడిచేయి దెబ్బతినలేదు. వారం రోజులకే ఆయన మంచం మీద నుండే ఫ్లాచెరీ సోకే అవకాశమున్న గుడ్లను ముందుగా గుర్తించే విధానం గురించి శిష్యుడు జెర్నేజ్‌కు చెప్పి వ్రాయించాడు. దానిని అక్టోబరు 26న డ్యూమా అకాడమీలో చదివాడు. శిష్యులు, మిత్రులు వంతులవారీగా రాత్రింబవళ్ళు మంచం దగ్గర కూర్చున్నారు.

ఆ రోజులలో ఆయన కోసం ఒక కొత్త ప్రయోగశాల నిర్మాణంలో ఉంది. ఆయన బతకడని భావించి అధికారులు పని ఆపివేశారు. ఆ సంగతి తెలిసి పాశ్చర్ క్రుంగిపోయాడు. విషయం చక్రవర్తి మూడవ నెపోలియన్ వరకు వెళ్ళిన తరువాత పనులు మళ్ళీ మొదలైనాయి.

మళ్ళీ నడక

సుమారు 6 వారాల తరువాత, నవంబరు చివరలో, పాశ్చర్ మంచం దిగి ఒక గంటసేపు కుర్చీలో కూర్చోగలిగాడు. నడక ఇంకా రాలేదు. పట్టుపురుగుల పెంపకం కాలం మాత్రం దగ్గరపడుతున్నది. ఆ ఏడాది పని జరగకపోతే నాలుగేళ్ళ శ్రమ సందేహంలోనే మిగిలిపోయేది. 1869 జనవరిలో, జబ్బు వచ్చి 3 నెలలు నిండే సమయానికి, ఆయన దక్షిణానికి బయలుదేరాడు. రైలుపెట్టెలో పడుకోబెట్టి తీసుకువెళ్ళారు. భార్య, కుమార్తె, శిష్యులు వెంట ఉన్నారు.

ఆలె సమీపంలోని సెంట్ ఇపోలిత్ అనే ఊరిలో వారు దిగిన ఇల్లు చలిగా, అసౌకర్యంగా ఉండేది. అక్కడ రాతినేల మీద ఆయన ఒకసారి పడిపోయాడు. పక్షవాత రోగులు కోలుకునేటప్పుడు ఇటువంటి సంఘటన తరువాతే చాలామంది నడవడం మానుకుంటారు. పాశ్చర్ పని మానలేదు, అయితే పనిచేసే తీరు మార్చుకున్నాడు. అంతకు ముందు తానే స్వయంగా చేసే పరీక్షలను శిష్యులు చేస్తుండగా, తాను పడకమీద లేదా కుర్చీలో ఉండి ఉదయం పూట వారికి సూచనలిచ్చేవాడు. ఉత్తరాలు, నివేదికలు భార్య చేత వ్రాయించేవాడు. శక్తి పుంజుకున్న కొద్దీ కొద్దికొద్దిగా నడక సాగించాడు.

ఆ వసంతంలో లియాన్ పట్టణపు పట్టు సంఘం ఆయన పద్ధతిని పరీక్షింపదలచింది. పాశ్చర్ కొన్ని గుడ్లను పంపుతూ, వాటిలో ఏవి ఆరోగ్యంగా పెరుగుతాయో, ఏవి పెబ్రీన్‌తో, ఏవి ఫ్లాచెరీతో, ఏవి రెండింటితో చనిపోతాయో ముందే వ్రాసి పంపాడు. అన్నీ ఆయన చెప్పినట్లే జరిగాయి. 1869 నవంబరులో నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో త్రియెస్తే నగరానికి సమీపాన గల విల్లా విచెంతీనా అనే ఫ్రెంచి రాజకుటుంబపు ఎస్టేటుకు వెళ్ళి, మరుసటి వేసవి వరకు ఉన్నాడు. పదేళ్ళుగా నష్టాలలో ఉన్న అక్కడి పట్టు పెంపకం ఆయన పద్ధతితో లాభాలు చూసింది. పట్టుపురుగుల వ్యాధులపై ఆయన గ్రంథం 1870లో రెండు సంపుటాలుగా వెలువడింది.

నడక తిరిగివచ్చినా పూర్వపు స్థితి రాలేదు. ఎడమ కాలు బిగుసుకొని కుంటుతూ నడిచేవాడు. ఎడమ చేయి ముడుచుకొని ఉండేది. ఇది జీవితాంతం అలాగే ఉన్నది.

టీకాల పరిశోధనలు

ప్రయోగశాలలో రెండు చేతులూ అవసరమయ్యే పనులు పాశ్చర్ ఒంటరిగా చేయలేకపోయేవాడు. షార్ల్ షాంబర్లాన్, ఎమీల్ రూ అనే సహచరులు ఆ లోటు తీర్చారు. 1880లలో భార్య సోదరి కుమారుడు ఆద్రియాన్ లోయిర్ సహాయకుడుగా చేరి, ఆయన చేతులు చేయలేని పనులు చేసిపెట్టేవాడు. పరిశోధన ఒక్కరి పని నుండి ఒక బృందం పనిగా మారడానికి ఇది కూడా ఒక కారణం.

1879-80లలో కోళ్ళకు వచ్చే కలరా మీద పనిచేస్తూ, బలహీనపరచిన సూక్ష్మజీవులను ఎక్కిస్తే రోగనిరోధక శక్తి వస్తుందని గ్రహించాడు. 1881 మే 5న పారిస్ సమీపంలోని పూయీ ల ఫోర్ అనే గ్రామపు పశువులశాలలో దొమ్మరోగపు టీకాను బహిరంగంగా పరీక్షించాడు. మే 31న టీకా వేసిన గొర్రెలకు, వేయని గొర్రెలకు కూడా రోగక్రిములు ఎక్కించారు. జూన్ 2న జనం గుమిగూడి చూసేటప్పటికి, టీకా వేయని గొర్రెలలో అత్యధికం చనిపోగా, టీకా వేసినవి నిలబడి మేస్తున్నాయి. ఆనాడు వాడిన టీకా తయారీ విధానం షాంబర్లాన్‌దని, పాశ్చర్ ఆ సంగతి వెల్లడించలేదని ఆయన నోటుపుస్తకాలను 1970ల తరువాత పరిశీలించిన చరిత్రకారులు గుర్తించారు.

1885 జులై 6న ఆల్సాస్ ప్రాంతం నుండి జోసెఫ్ మైస్టర్ అనే 9 ఏళ్ళ బాలుడిని తల్లి తీసుకువచ్చింది. పిచ్చికుక్క అతనిని అనేకచోట్ల కరిచింది. పాశ్చర్ వైద్యుడు కానందువల్ల ఆయన పర్యవేక్షణలో డాక్టర్ గ్రాంషే సూదిమందు ఇచ్చాడు. మొత్తం 13 సూదులు వేశారు. బాలుడికి వ్యాధి రాలేదు. ఈ వార్త వ్యాపించి, రష్యా వంటి దూరదేశాల నుండి కూడా కుక్కకాటు బాధితులు పారిస్ చేరారు. చందాలతో నిర్మించిన పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1888 నవంబరు 14న ప్రారంభమైంది.

చివరి రోజులు

1887లో పాశ్చర్‌కు మళ్ళీ పక్షవాతం వచ్చింది. ఈసారి మాట దెబ్బతిన్నది. ఇన్‌స్టిట్యూట్ ప్రారంభోత్సవంలో ఆయన వ్రాసిన ప్రసంగాన్ని కుమారుడు జాన్ బాప్తిస్త్ చదివాడు. 1892 డిసెంబరు 27న 70వ జన్మదినం సందర్భంగా సోర్బోన్‌లో జరిగిన మహాసభలోకి పాశ్చర్ దేశాధ్యక్షుడు సాది కార్నో చేయి ఊతగా నడిచి వచ్చాడు. బ్రిటన్ నుండి వచ్చిన శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ ఆయనను కౌగిలించుకున్నాడు. ఆనాటి ప్రసంగాన్ని కూడా కుమారుడే చదివాడు.

1894 నవంబరులో మూత్రపిండాల జబ్బు ముదిరింది. క్రమంగా పక్షవాతం ఎక్కువై 1895 సెప్టెంబరు 28న పారిస్ సమీపంలోని విల్నెవ్ లెతాన్‌లో మరణించాడు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆయన సమాధి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ భవనంలోనే ఉంది.

పాశ్చర్ అనుభవం, నేటి పక్షవాత చికిత్స

పాశ్చర్ కాలంలో పక్షవాతానికి విశ్రాంతి, జలగలు తప్ప వేరే చికిత్స లేదు. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమని సి.టి. స్కాన్‌లో తేలితే, తగిన రోగులకు మొదటి నాలుగున్నర గంటలలోపు గడ్డను కరిగించే మందు ఇవ్వగల అవకాశం నేడు ఉంది. ఉదయం తిమ్మిరి వచ్చిన రోగి సాయంత్రం వరకు బయట తిరగడం నేటి వైద్యం అంగీకరించదు. క్షణకాలం వచ్చి పోయినా సరే, మూతి వంకరపోవడం, ఒకవైపు చేయి, కాలు బలహీనపడటం, మాట తడబడటం వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన లక్షణాలు.

కోలుకునే దశలో రోగిని ఆరు వారాలు మంచానికే పరిమితం చేయడం కూడా నేటి పద్ధతి కాదు. రోగి స్థితి నిలకడగా ఉంటే కొద్దిరోజులలోనే కూర్చోబెట్టడం, నిలబెట్టడం ప్రారంభిస్తారు. అయితే మొదటి 24 గంటలలోనే అధికంగా నడిపించడం మేలు కన్నా కీడు చేయవచ్చని 2015లో వెలువడిన ఏవర్ట్ అనే పెద్ద అధ్యయనం తెలిపింది.

పక్షవాతం తరువాత చాలామందిని పీడించేది పడిపోతామనే భయం. ఒకసారి పడినవారికే కాక, ఎన్నడూ పడనివారికి కూడా ఇది ఉండవచ్చు. బలహీనమైన కాలు బరువు మోయనప్పుడు, శరీరపు తూకం తప్పినప్పుడు ఈ భయం సహజమే. భయంతో నడక తగ్గిస్తే కండరాలు మరింత క్షీణిస్తాయి, తూకం ఇంకా తప్పుతుంది, పడే ప్రమాదం పెరుగుతుంది. ఈ విధంగా భయమే తాను భయపడినదానిని తెచ్చిపెడుతుంది. అమెరికా వైద్యురాలు మేరీ టినెట్టి 1990లో ఈ భయాన్ని కొలిచే ఒక ప్రశ్నావళిని ప్రచురించింది. స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, కుర్చీలో నుండి లేవడం వంటి పది నిత్యకృత్యాలను పడకుండా చేయగలనన్న నమ్మకం ఎంత ఉన్నదో అందులో అడుగుతారు. ఈ నమ్మకాన్ని కొలవడం వల్ల కాలి బలం ఉన్నా నడవనివారిని గుర్తించవచ్చు.

ఫిజియోథెరపీలో కుర్చీ నుండి లేచి కూర్చోవడం, బలహీనమైన కాలిపై బరువు మోపడం, మలుపు తిరగడం, పడితే నేల మీద నుండి లేవడం పదేపదే అభ్యాసం చేయిస్తారు. చేతికర్రను బాగున్న చేతితో పట్టుకోవాలి. సహాయకుడు బలహీనమైన వైపు నిలబడాలి. ఆ వైపు చేయి పట్టి లాగరాదు, లాగితే భుజం కీలు తప్పే ప్రమాదం ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు వేయాలి.

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలకు అన్వయం

పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలోని పాత ఇళ్ళకు ఎత్తైన గడపలు, మెట్లు లేని అరుగులు సాధారణం. నేలకు పరిచే షాబాదు బండలు తడిసినప్పుడు జారుతాయి. పాశ్చర్ పడిన రాతినేల వంటివే ఇవి. గడప దగ్గర వాలుగా చెక్క లేదా సిమెంటు దిమ్మె, స్నానాల గదిలో గోడకు గొట్టం, మంచం ప్రక్కన రాత్రి వెలుతురు, కూర్చొని స్నానం చేయడానికి ఎత్తైన పీట వంటి చిన్న మార్పులతో పడే ప్రమాదం తగ్గుతుంది. నల్గొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ ప్రాంతాలలో ఫ్లోరైడు నీటివల్ల కీళ్ళు, వెన్ను బిగుసుకున్న వృద్ధులకు పక్షవాతం వస్తే నడక మరింత కష్టమవుతుంది. అటువంటివారికి సాయం ఎక్కువకాలం అవసరం. పక్షవాతానికి పావురపు రక్తం మర్దన చేయడం వంటి నాటు పద్ధతులు, పాశ్చర్‌కు పట్టించిన జలగల వలెనే, మెదడులోని లోపాన్ని సరిచేయలేవు. వాటికోసం వెచ్చించే తొలి గంటలు తిరిగి రావు.

ఈ ప్రాంతానికి పాశ్చర్ పనితో మరొక సంబంధం కూడా ఉన్నది. భూదాన్ పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలకు ప్రసిద్ధి చెందిన ఊర్లు. జిల్లాల పునర్విభజన తరువాత పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి, గద్వాల జోగులాంబ గద్వాల జిల్లాలోకి చేరాయి. 2019లో నారాయణపేట ప్రత్యేక జిల్లా అయింది. ఈ నేతలో వాడే మల్బరీ పట్టుకు మూలమైన పురుగుల గుడ్లను భారతదేశంలో నేటికీ తల్లి చిలుకను సూక్ష్మదర్శినితో పరీక్షించిన తరువాతే రైతులకు ఇస్తారు. ఆ పరీక్షపై వివాదాన్ని పాశ్చర్ తేల్చినది 1869లో, ఎడమ కాలు ఇంకా సరిగా మోయని రోజులలో.